కిడ్నీ చెత్తను ఏరదు, మంచిని ఏరుకుంటుంది

పొట్ట స్కానింగ్‌కి వెళ్తే ముందుగా చెప్పే మాట ఒకటుంది: "లీటరు నీళ్లు తాగి కూర్చోండి, బాగా వచ్చినప్పుడు చెప్పండి." మొన్నామధ్య నేనూ అలాగే కూర్చున్నాను. పావుగంట దాకా ఏమీ లేదు. అరగంటకు కాస్త కదలిక. ముప్పావుగంట దాటాక కాళ్లు దగ్గరికి ముడుచుకుని, గోడ గడియారం వైపూ స్కానింగ్ గది తలుపు వైపూ మార్చి మార్చి చూడటమే పనైంది. పక్కన కూర్చున్న పెద్దాయన నా అవస్థ చూసి నవ్వి, "తాగిన నీళ్లు దిగడానికి ఆమాత్రం టైమ్ పడుతుంది కదండీ" అన్నారు.

దిగడం అన్న మాటలోనే మనలో చాలామంది ఊహ మొత్తం ఉంది. పొట్టలోంచి కిందికి ఎక్కడో ఒక గొట్టం ఉంటుందనీ, తాగిన నీళ్లు అందులోంచి జారి మూత్రాశయంలో పడతాయనీ అనుకుంటాం. అలాంటి గొట్టం ఒంట్లో ఎక్కడా లేదు. నీళ్లు ముందు పేగుల గోడల్లోంచి రక్తంలో కలవాలి. ఆ రక్తం గుండెకు చేరి, ఒళ్లంతా తిరుగుతూ కిడ్నీల్లోకి వెళ్లాలి. అక్కడ కిడ్నీ "ఇవి ఎక్కువ" అని లెక్క తేలిస్తేనే అవి మూత్రంగా బయటికొస్తాయి. ఎండలో చెమటోడ్చి వచ్చి అదే లీటరు నీళ్లు తాగి చూడండి, రెండు గంటలైనా ఒంటికి వెళ్లాలనిపించకపోవచ్చు.

అంటే మూత్రం మొత్తం రక్తంలోంచే తయారవుతుంది. ఎలా తయారవుతుందన్న దగ్గర రెండో అపోహ ఉంది. అది మొదటిదానికంటే మొండిది. కిడ్నీ అంటే జల్లెడ అనీ, రక్తంలోని చెత్తను వెతికి పట్టుకుని పారేస్తుందనీ బడిలో విన్నదే మనకు గుర్తు. అసలు జరిగేది దాదాపు దానికి తిరగబడి ఉంటుంది.

చిన్న అవయవం, పెద్ద వాటా

ముందు అవి ఎక్కడున్నాయో చూద్దాం. "కిడ్నీ నొప్పేమో" అంటూ చాలామంది నడుము మీద చెయ్యి పెట్టి చూపించే చోటు వాటికి బాగా కింద. కిడ్నీలు వీపువైపు, వెన్నెముకకు అటూ ఇటూ, పైభాగం చివరి పక్కటెముకల చాటున దాగి ఉంటాయి. కుడివైపు పైన కాలేయం ఉండటంతో కుడి కిడ్నీ కాస్త కిందికి ఉంటుంది. ఒక్కోటి 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, సుమారు 150 గ్రాముల బరువు, చిక్కుడు గింజ ఆకారం. లోపలి వంపు దగ్గర రక్తం తెచ్చే ధమనీ, తీసుకెళ్లే సిరా, మూత్రం మోసే నాళం, మూడింటికీ ఒకటే గుమ్మం.

రెండూ కలిపినా ఒంటి బరువులో అర శాతం ఉండవు. అయినా గుండె నిమిషానికి పంపే 5 లీటర్ల రక్తంలో లీటరుకు పైగా వీటికే వెళ్తుంది. ఐదో వంతు అన్నమాట. ఆ కణాలు బతకడానికి అంత రక్తం అక్కర్లేదు. అది వాటి తిండి కోసం వచ్చింది కాదు, పని కోసం వచ్చింది.

కిడ్నీని నిలువుగా కోస్తే బయటి పొర లేత రంగులో కనిపిస్తుంది, దాన్ని వల్కలం అంటారు. లోపల ముదురు రంగులో ఉండేది దవ్వ. దవ్వ పిరమిడ్ల లాంటి ముక్కలుగా ఉంటుంది. వాటి మొనల నుంచి మూత్రం చిన్న చిన్న గిన్నెల్లోకి కారి, అక్కడి నుంచి గరాటు లాంటి భాగంలో చేరి నాళంలోకి దిగుతుంది. కంటికి కనిపించేది ఇంతే. అసలు కథ మైక్రోస్కోపు కింద ఉంది.

అక్కడ కనిపించే పనిముట్టు పేరు నెఫ్రాన్. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షలుంటాయి. కొందరిలో ఇందులో సగమే ఉండొచ్చు, కొందరిలో రెట్టింపు. మనం తల్లి కడుపులో ఉండగానే ఈ లెక్క ముగిసిపోతుంది. ఆ తర్వాత పాడైనవి పాడైనట్టే, కొత్తది ఒక్కటి కూడా పుట్టదు. ఒక్కో నెఫ్రాన్‌కు ఒక చివర సన్నని రక్తనాళాల ఉండ ఉంటుంది. దాన్ని కప్పులా చుట్టుకుని ఉండేది బౌమన్ గుళిక. ఆ కప్పు అడుగు నుంచి వంకర్లు తిరుగుతూ సాగే సన్నని నాళిక మిగతా నెఫ్రాన్.

బీరువా సర్దినట్టు

బీరువా సర్దడానికి రెండు పద్ధతులు. అర అరా వెతికి పనికిరానివి పట్టుకుని పారేయడం ఒకటి. ఉన్నదంతా మంచం మీద కుమ్మరించి, కావాల్సినవి మాత్రం తిరిగి లోపల పెట్టి, మిగిలింది మూటగట్టడం రెండోది. కిడ్నీది ఈ రెండో పద్ధతి.

రక్తనాళాల ఉండలోకి రక్తం వస్తుంది. ఒంట్లో మిగతా చోట్ల కేశనాళికల ముందు ధమనిక, వెనక సిర ఉంటే, ఇక్కడ ముందూ వెనకా రెండూ ధమనికలే. లోపలికి తెచ్చేది వెడల్పు, బయటికి తీసుకెళ్లేది ఇరుకు. పైపు చివర వేలితో నొక్కిపెట్టినట్టు లోపల ఒత్తిడి పెరుగుతుంది, రక్తంలోని నీళ్ల భాగం గోడల్లోంచి గుళికలోకి వడుస్తుంది. రక్తకణాలు దాటలేవు. పెద్ద ప్రోటీన్లు దాటలేవు. మిగతావన్నీ, అంటే నీళ్లు, ఉప్పు, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, యూరియా, మంచీ చెడూ తేడా లేకుండా అవతల పడతాయి.

ఎంత పడుతుందో చూస్తే మొదట నమ్మబుద్ధి కాదు. నిమిషానికి 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు. మన రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం 3 లీటర్లే. అంటే రక్తంలోని ఆ ద్రవమంతా ప్రతి 24 నిమిషాలకు ఒకసారి, రోజుకు 60 సార్లు బయట కుమ్మరించబడుతోంది. ఆ 180 లీటర్లతో పాటు రోజూ దాదాపు కిలోన్నర ఉప్పు, 180 గ్రాముల గ్లూకోజు కూడా అవతలికి పోతాయి. మనం వెళ్లే మూత్రం మాత్రం రోజుకు లీటరున్నరకు అటూ ఇటూ. మిగతా 99 శాతం నాళికలో ప్రయాణిస్తుండగా తిరిగి రక్తంలోకి వచ్చేస్తుంది.

ఇంత తిరుగుడెందుకు, చెత్తను మాత్రమే పట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అలా పట్టుకోవాలంటే ప్రతి చెత్తనూ కిడ్నీ ముందే గుర్తుపట్టగలగాలి. రేపు మనం మింగబోయే కొత్త మందునో, ఎన్నడూ తినని ఆకులోని రసాయనాన్నో అదెలా గుర్తుపడుతుంది? కావాల్సిన వాటి జాబితా మాత్రం చిన్నది, ఎప్పటికీ మారనిది. ఆ జాబితాలో లేనిది చాలావరకు దానంతటదే బయటికి పోతుంది. నాకైతే ఒంట్లో ఇంత తెలివైన ఏర్పాటు ఇంకోటి ఉందా అనిపిస్తుంది. అన్నీ ఇలా వదిలేసి ఊరుకుంటుందనీ కాదు. కొన్ని ఆమ్లాలనూ, కొన్ని మందులనూ నాళిక గోడలు రక్తంలోంచి లాగి మూత్రంలోకి నెడతాయి కూడా. కానీ ప్రధానమైన పద్ధతి కుమ్మరించి ఏరుకోవడమే.

ఇది తేలడానికి 80 ఏళ్లు పట్టింది. 1842లో విలియం బౌమన్ ఆ గుళికను వర్ణించాడు, నీళ్లను అది స్రవిస్తుందనుకున్నాడు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లుడ్విగ్, స్రావమూ లేదు ఏమీ లేదు, ఒత్తిడితో వడపోతే జరుగుతోందన్నాడు. ఎవరి వాదన వారిది, నిరూపించే దారి ఎవరి దగ్గరా లేదు. 1920ల్లో అమెరికాలో రిచర్డ్స్, వెర్న్ అనే ఇద్దరు వెంట్రుకకన్నా సన్నని గాజు గొట్టాన్ని మైక్రోస్కోపు కింద కప్ప కిడ్నీలోని ఒకే ఒక్క గుళికలోకి గుచ్చి, అందులోని ద్రవాన్ని పైకి లాగారు. పరీక్షిస్తే అందులో చక్కెర ఉంది, ఉప్పు ఉంది, ప్రోటీను లేదు. అదే కప్ప మూత్రాశయంలోని మూత్రంలో చక్కెర లేదు. మొదట బయటపడింది, దారిలో వెనక్కి పోయిందన్నమాట. ఒక్క చుక్కతో తగాదా తీరిపోయింది.

గోడ దగ్గర ఒక సంగతి చెప్పి ముందుకెళ్దాం. రక్తంలో ఎక్కువగా ఉండే ప్రోటీను ఆల్బుమిన్. వడపోత గోడలో మూడు పొరలున్నాయి, అన్నీ బాగుంటే అది దాదాపుగా దాటదు. షుగరు, బీపీ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే ఆ పొరలు దెబ్బతిని ఆల్బుమిన్ కారడం మొదలవుతుంది. మూత్రంలో ఎంతకీ పోని నురగ కనిపిస్తోందంటే దానికి ఇది ఒక కారణం కావచ్చు. కానీ నురగ కంటికి కనిపించేలోపే, మొదటి దశలోనే పట్టుకోవడానికి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఉంది. షుగరున్నవాళ్లకు ఏడాదికోసారి చేయించమనేది ఇందుకే.

తీపి, ఉప్పు, నీళ్లు

గుళిక దాటిన వెంటనే వచ్చే వంకర్ల భాగంలోనే ఏరుకోవడం జోరుగా సాగుతుంది. కుమ్మరించిన నీళ్లలో, ఉప్పులో మూడింట రెండొంతులు ఇక్కడే వెనక్కి పోతాయి. గ్లూకోజూ అమైనో ఆమ్లాలూ దాదాపు మొత్తం ఇక్కడే.

గ్లూకోజును మోసే కూలీలు లాంటి ప్రోటీన్లు నాళిక గోడలో ఉంటాయి. వాటికి ఒక హద్దుంది. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటేదాకా అవి ఒక్క గింజ వదలవు. అంతకు మించితే మోసేవాళ్లు చాలరు. మిగిలిపోయిన తీపి నీళ్లను కూడా తనతో పట్టుకుని మూత్రంలోకి పోతుంది. షుగరు బాగా పెరిగినవాళ్లు మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం, దాహంతో నాలుక పిడచకట్టుకుపోవడం ఇందుకే. మధుమేహం అన్న పేరులోనే ఈ లక్షణమంతా ఉంది, మధువంటే తేనె, మేహమంటే మూత్రం. ఈమధ్య వచ్చిన కొన్ని షుగరు మందులు ఆ కూలీలనే ఆపేస్తాయి. వాటి పేర్లు చాలావరకు "గ్లిఫ్లోజిన్" అని ముగుస్తాయి. ఒంట్లో ఎక్కువైన చక్కెరను మూత్రంలో పారించేయడమే వాటి ఎత్తు. ఆ మందు వేసుకునేవాళ్ల మూత్ర పరీక్షలో షుగరు ఎక్కువ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, మందు పనిచేస్తోందని అర్థం.

తర్వాతి భాగం విద్యార్థులను ఏడిపించే హెన్లీ శిక్యం. నాళిక ఇక్కడ నిలువునా దవ్వలోకి దిగి, హెయిర్‌పిన్‌లా మలుపు తిరిగి, మళ్లీ పైకి వస్తుంది. ఎందుకీ దిగడం, ఎక్కడం? చిక్కటి మూత్రం తయారుచేయడానికి.

ఒంట్లో నీళ్లను నేరుగా తోడే పంపు ఏదీ లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. కణాలు ఉప్పును తోడగలవు. ఉప్పు ఎక్కడ ఎక్కువుంటే నీళ్లు దాని వెంట పోతాయి. అందుకే కిడ్నీ నీళ్లను లాగడానికి ముందు ఉప్పుతో వలపన్నుతుంది. శిక్యంలో పైకెక్కే వైపు గోడ నీళ్లను దాటనివ్వదు, ఉప్పును మాత్రం బయటికి తోడుతూనే ఉంటుంది. దాంతో చుట్టూ ఉన్న దవ్వ ఉప్పుబారుతుంది. దిగే వైపు గోడ తీరు వేరు, అక్కడ నీళ్లు ధారాళంగా దాటుతాయి. దిగుతున్న ద్రవంలోని నీళ్లు ఉప్పుబారిన దవ్వలోకి జారిపోయి, లోపల మిగిలింది చిక్కబడుతుంది. అలా చిక్కబడిన ద్రవమే మలుపు తిరిగి పైకెక్కే వైపుకు వస్తుంది. అక్కడి పంపులకు ఇంకా ఎక్కువ ఉప్పు అందుతుంది, దవ్వ ఇంకా ఉప్పగా మారుతుంది. వడ్డీ మీద వడ్డీలా ఇది పేరుకుంటూ పోయి, దవ్వ అడుగున చిక్కదనం రక్తానికి నాలుగు రెట్లు అవుతుంది. దీనికి యూరియా కూడా సాయం పడుతుంది. చెత్త అనుకున్నదాన్ని కూడా కొంతసేపు వాడుకున్నాకే కిడ్నీ వదులుతుంది.

కాళ్ల వాపులకు, గుండె జబ్బులకు ఇచ్చే "నీరు లాగే మాత్ర" ఫ్యూరోసెమైడ్ సరిగ్గా ఆ పైకెక్కే వైపున్న పంపులనే ఆపుతుంది. ఉప్పు వల చిరుగుతుంది, నీళ్లు పట్టు తప్పి మూత్రంలోకి పోతాయి. ఎడారిలో బతికే కంగారూ ఎలుకకు ఈ శిక్యాలు చాలా పొడవు. దాని మూత్రం మనదానికంటే నాలుగైదు రెట్లు చిక్కగా ఉంటుంది, నీళ్లు తాగకుండానే గింజలతో బతికేస్తుంది. మన హద్దు రక్తానికి నాలుగు రెట్లే. సముద్రం నీళ్లు తాగి దాహం ఎందుకు తీర్చుకోలేమన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆ ఉప్పును బయటికి పంపడానికి, తాగిన నీళ్లు చాలక ఒంట్లోని నీళ్లు కూడా ఖర్చవుతాయి.

ఇంతా చేసి ఉప్పు దిబ్బ కట్టుకున్నాక, దాన్ని ఎప్పుడు ఎంత వాడుకోవాలో తేల్చేది చివరిదైన సంగ్రహణ నాళం. ఇది దవ్వలోంచే నిలువునా కిందికి పోతుంది. దాని గోడలో నీళ్లు దాటడానికి సన్నని ద్వారాలుంటాయి. వాటిని ఆక్వాపోరిన్లు అంటారు. వీటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మెదడు అడుగు భాగం రక్తం చిక్కదనాన్ని నిరంతరం చూస్తుంటుంది. ఒకటి రెండు శాతం తేడా వచ్చినా పసిగడుతుంది. రక్తం చిక్కబడితే వాసోప్రెసిన్ అనే హార్మోను వదులుతుంది. ఆ హార్మోను అందగానే నాళం కణాలు లోపల దాచుకున్న ద్వారాలను గోడకు తెచ్చి బిగిస్తాయి. నీళ్లు ఉప్పు దిబ్బ వైపు పరుగెడతాయి, మూత్రం చిక్కబడి ముదురు పసుపవుతుంది. రక్తం పలచబడితే హార్మోను ఆగిపోతుంది, ద్వారాలు లోపలికి వెళ్లిపోతాయి, నీళ్లు ఎటూ పోలేక నేరుగా బయటికి నడుస్తాయి.

స్కానింగ్ గది బయట నాకు జరిగింది ఇదే. లీటరు నీళ్లు పేగుల్లోంచి రక్తంలో కలవడానికి కొంతసేపు, మెదడు గమనించి హార్మోను ఆపడానికి కొంతసేపు, అప్పటికే రక్తంలో ఉన్న హార్మోను కరిగిపోవడానికి ఇంకాస్తసేపు. అరగంట దాకా ఏమీ అనిపించకపోవడం, తర్వాత ఒక్కసారిగా మీద పడటం వెనక ఈ వరస ఉంది. మద్యం ఇదే హార్మోనును అణచిపెడుతుంది. తాగినదానికంటే ఎక్కువ బయటికి పోయి తెల్లారాక తల పగిలిపోతున్నట్టుండటానికి అదొక కారణం.

ఎంత పొదుపు చేసినా రోజుకు సుమారు అర లీటరు మూత్రం తప్పదు. యూరియా వగైరా కరిగి బయటికి పోవడానికి ఆమాత్రం నీళ్లుండాలి.

ఇవి కాక ఇంకొన్ని పనులు కూడా కిడ్నీలు నెత్తిన వేసుకున్నాయి. రక్తంలో ఆమ్లం పెరగకుండా చూస్తాయి. పొటాషియం హద్దు మీరితే గుండె లయ తప్పుతుంది, దాన్ని అదుపులో పెట్టేది ఇవే. రెనిన్ వదిలి బీపీని నడిపిస్తాయి. విటమిన్ డిని చివరి మెట్టు ఎక్కించి పనికొచ్చే రూపానికి తెస్తాయి. ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనుతో ఎముక మజ్జకు ఎర్ర రక్తకణాలు చేయమని కబురు పంపుతాయి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు పాలిపోయి ఆయాసపడటానికి ఈ కబురు ఆగిపోవడం ఒక ముఖ్య కారణం. డయాలిసిస్ యంత్రం వడపోతను చేయగలదు, హార్మోన్లు తయారుచేయలేదు. అందుకే డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు విడిగా ఆ ఇంజెక్షన్లు ఇస్తారు.

క్రియాటినిన్ రిపోర్టు ఎలా చదవాలి

కిడ్నీ రిపోర్టు అనగానే అందరి కళ్లూ క్రియాటినిన్ మీదకే పోతాయి. అది కండరాలు రోజూ వదిలే వ్యర్థం. గుళికలోంచి వడిశాక నాళికలు దాన్ని వెనక్కి తీసుకోవు. కాబట్టి రక్తంలో అది ఎంత మిగిలిందో చూసి వడపోత ఎంత బాగుందో అంచనా వేయొచ్చు.

మెలిక ఏమిటంటే, ఈ అంకె వడపోతతో పాటు సమానంగా కదలదు. వడపోత సగానికి పడితే క్రియాటినిన్ రెట్టింపవుతుంది. 0.6 ఉన్న మనిషికి రెట్టింపైతే 1.2, చాలా ల్యాబుల్లో అది ఇంకా నార్మల్ గీత లోపలే. సగం వడపోత పోయినా రిపోర్టులో ఎర్ర అక్షరం ఉండదు. మరోవైపు, పడిపోయిన వడపోత మళ్లీ సగానికి పడితే 1.2 కాస్తా 2.4 అవుతుంది, అప్పుడు ఇంట్లో అందరికీ టెన్షన్. పైగా కండలు తిరిగిన కుర్రాడికి 1.3 మామూలే కావచ్చు, బక్కపల్చటి ముసలావిడకు 1.1 కూడా ఎక్కువే కావచ్చు.

కాబట్టి ఆ ఒక్క అంకె కంటే దాని పక్కన వయసు, లింగం కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తున్నాయన్న అంచనా, నమ్మదగ్గది. అది 90 పైన ఉంటే మంచిది. 60 లోపు మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా చూస్తారు. 15 లోపుకు పడితే డయాలిసిస్, మార్పిడి మాటలు మొదలవుతాయి. నన్నడిగితే ఒక్క రిపోర్టు కంటే పాత రిపోర్టులు నాలుగు పక్కపక్కన పెట్టి చూడటం మేలు. 0.7 నుంచి 1.1కి రావడం, ఎప్పటినుంచో 1.1లోనే ఉండటం ఒకటి కాదు.

నొప్పి మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి గుళికలోకి రక్తం తెచ్చే ధమనికను తెరిచి ఉంచే రసాయనాన్ని ఆపుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఒకటి రెండు రోజులు వేసుకుంటే ఏమీ కాకపోవచ్చు. వాంతులు విరేచనాలతో నీరసించి ఉన్నప్పుడు, లేదా కిడ్నీలు ముందే బలహీనంగా ఉన్నప్పుడు వడపోత ఒక్కసారిగా పడిపోతుంది.

కిందికి దారి

మూత్రం తయారయ్యాక మిగిలింది మోయడం, దాచడం, వదలడం. మూత్రనాళాలు రెండు, ఒక్కోటి 25 నుంచి 30 సెంటీమీటర్లు. మూత్రం వాటిలో బరువుకు జారుతుందని అనుకోవడం సహజం. కానీ గోడలోని కండరాలు నిమిషానికి కొన్నిసార్లు అలలా ముడుచుకుంటూ దాన్ని కిందికి తోస్తాయి. పడుకున్నా, తలకిందులుగా వేలాడినా ఆ పని ఆగదు. నాళం మూడు చోట్ల ఇరుకవుతుంది: కిడ్నీ గరాటు ముగిసే చోట, కటి ఎముక అంచు దాటే చోట, మూత్రాశయంలోకి దూరే చోట. రాయి ఇరుక్కునేది ఎక్కువగా ఈ మూడింటిలోనే. రాయి గుచ్చుకోవడం వల్లే నొప్పి అనుకుంటాం గానీ, అడ్డం పడ్డ రాయి వెనక మూత్రం నిలిచి గోడలు సాగడం వల్ల వచ్చే నొప్పే ఎక్కువ. అలలు అలలుగా, వీపు పక్క నుంచి గజ్జల దాకా పాకుతుంది. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి.

నాళం మూత్రాశయం గోడలోకి ఏటవాలుగా దూరుతుంది. సంచి నిండే కొద్దీ గోడ సాగి ఆ దారిని నొక్కేస్తుంది, మూత్రం వెనక్కి ఎగదన్నదు. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఈ ఏటవాలు సరిగా ఉండదు. వాళ్లకు మూత్రం కిడ్నీల దాకా వెనక్కి వెళ్లి ఇన్ఫెక్షన్లు తెస్తుంది. పసిపిల్లలకు కారణం తెలియని జ్వరం వస్తే డాక్టర్లు మూత్ర పరీక్ష రాసేది ఇలాంటివి తప్పిపోకుండా ఉండటానికే.

మూత్రాశయం గోడంతా కండరం. లోపలి పొర ఖాళీగా ఉన్నప్పుడు ముడతలు పడి, నిండుతుంటే సాగి పలచబడుతుంది. దీని ప్రత్యేకత నిండటం కంటే, నిండుతున్నా ఒత్తిడి పెరగకుండా ఉండటంలో ఉంది. బెలూను అయితే గాలి పోసేకొద్దీ బిగుసుకుంటుంది. ఇది మాత్రం సాగి సర్దుకుంటుంది. 150 నుంచి 200 మిల్లీలీటర్ల దగ్గర మొదటి కబురు వస్తుంది. పెద్దవాళ్లు 400, 500 దాకా ఉగ్గబట్టగలరు.

కింద రెండు తాళాలుంటాయి. లోపలిది మన మాట వినదు. బయటిది వింటుంది, సమావేశంలో కూర్చుని కాళ్లు ముడుచుకునేటప్పుడు మనం బిగించేది దాన్నే. మూత్రానికి వెళ్లడం అంటే సంచి ముడుచుకోవడం, తాళాలు వదులవడం ఒకేసారి జరగాలి. ఈ జంట పనిని కుదిర్చే కేంద్రం మెదడు కాండంలో ఉంది. దాని మీద పై మెదడు కాపలా ఉంటుంది: ఇది చోటేనా, ఇది సమయమేనా? పసిపిల్లల్లో ఆ కాపలా ఇంకా రాలేదు కాబట్టి నిండగానే వదిలేస్తారు. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య చాలామందికి పగటి పట్టు చిక్కుతుంది, రాత్రి పట్టు ఇంకొంచెం ఆలస్యం. పక్క తడిపే పిల్లవాణ్ణి తిట్టడం వల్ల ఉపయోగమేమీ లేదన్నది ఇక్కడే తేలిపోతుంది, అది వాడి మొండితనం కాదు, ఇంకా పూర్తికాని కాపలా.

ఆ కాపలా పెద్దయ్యాక కూడా చిన్న చిన్న వాటికి లొంగిపోతుంది. దారంతా ఆపుకున్న మనిషికి ఇంటి తాళం తీస్తుండగానే ఇక ఆగదనిపించడం చాలామందికి అనుభవమే. చోటు దగ్గరపడిందని మెదడుకు తెలిసిపోయింది, కాపలా ముందే సడలింది.

చివరి దారి ప్రసేకం. ఆడవాళ్లలో సుమారు 4 సెంటీమీటర్లు, మగవాళ్లలో సుమారు 20. ఈ ఒక్క తేడాతో చాలా సంగతులు మారిపోతాయి. మూత్ర ఇన్ఫెక్షన్లకు ఎక్కువగా కారణమయ్యే ఈకోలై బ్యాక్టీరియా పేగుల్లోంచి వస్తుంది. ఆడవాళ్లలో అది ఎక్కాల్సిన దారి పొట్టి, మలద్వారానికి దగ్గర. మంట, మాటిమాటికీ రావడం వాళ్లకు ఎక్కువ ఉండటానికి కారణం శుభ్రత లేకపోవడం కాదు, శరీర నిర్మాణం. మగవాళ్ల బెడద ఇంకో రకం. మూత్రాశయం కిందే ప్రసేకాన్ని ఉంగరంలా చుట్టుకుని ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. వయసుతో అది ఉబ్బి దారిని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, వెళ్లొచ్చినా ఇంకా మిగిలినట్టే ఉంటుంది, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సొస్తుంది.

ఆ "మిగిలినట్టు" నిజంగా ఎంత మిగిలిందో కొలవొచ్చు. నిండిన సంచి పేగులను పక్కకు నెట్టి కటిలోని అవయవాలకు కిటికీలా పనిచేస్తుంది కాబట్టి స్కానింగుకు నీళ్లు తాగమంటారు. చూడటం అయ్యాక, బాత్రూముకి వెళ్లొచ్చి మళ్లీ పడుకోమంటారు. ఆరోగ్యంగా ఉంటే సంచిలో 50 మిల్లీలీటర్ల లోపే మిగలాలి. ఆరోజు నాకు 15 అని రాశారు. నా తర్వాత లోపలికి వెళ్లిన పెద్దాయన బాత్రూముకి వెళ్లొచ్చి, రెండోసారి కూడా పడుకుని, బయటికొచ్చి రిపోర్టు నా చేతికిచ్చారు. అందులో 140 అని ఉంది. "ఇప్పుడేగా వెళ్లొచ్చాను, ఇదెక్కణ్నుంచి వచ్చిందండీ?" అన్నారాయన. రాత్రి ఎన్నిసార్లు లేస్తారని అడిగితే నాలుగు వేళ్లు చూపించారు.